పూస తీసిన మధ్యాహ్నం

మధ్యాహ్నం భోజనాల వేళకు మా తండాలో అందరి చేతులూ ఎడమ రొమ్ము మీదికి వెళ్ళేవి. రొట్టె తుంచుతున్నవాళ్ళు తుంచిన ముక్కను పళ్ళెంలో పెట్టేసేవాళ్ళు. చెలక నుంచి వస్తున్నవాళ్ళు దారిలోనే నిలబడిపోయేవాళ్ళు. పెద్ద నొప్పి కాదు. ఎవరో గుండె కింద బొటనవేలు పెట్టి అదిమినట్టు ఉండేది. కాసేపటికి తగ్గేది. మళ్ళీ రొట్టె అందుకునేవాళ్ళం.

"రావ్జీ వచ్చి పోయిండు" అనేవాళ్ళు.

రావ్జీ నా కొడుకు. అప్పటికి చనిపోయి ఆరు నెలలు దాటింది.

మా తండా దేవరకొండ వైపు గుట్టల నడుమ ఉంటుంది. నలభై మంది పెద్దవాళ్ళం, కొందరు పిల్లలు. మా బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్ళు తాగి పళ్ళు గారపడతాయి, మోకాళ్ళు బిగుసుకుంటాయి, నడుములు వంగుతాయి. మా పెద్దమనిషి రూప్లా నాయక్ నడుము ఎంత వంగిందంటే, ఎదుటివాళ్ళ ముఖం చూడాలంటే ఆయన మెడ పక్కకు తిప్పాలి. మంచినీళ్ళ పైపు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే మా ఎముకలకు అందాల్సింది అందిపోయింది.

అలాంటి రోజుల్లో హైదరాబాదులోని ఒక ప్రయోగశాల నుంచి డాక్టర్ మృదుల వచ్చింది. సన్నని మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి కాక చేతుల వైపు చూస్తుంది. ఆమె అంతకుముందు చాలా ఊళ్ళు తిరిగిందట. పక్కింటివాడి నొప్పి మాకెందుకని అందరూ పంపేశారట. మా తండాకు వచ్చిన రోజు ఒక పిల్లను అత్తవారింటికి సాగనంపుతున్నాం. ఆడవాళ్ళం ఒకరినొకరు వాటేసుకుని ఢావ్లో పాడుతున్నాం. ఢావ్లో అంటే రాగం తీసి ఏడ్చే ఏడుపు. విడిపోయేటప్పుడు ఏడుస్తాం, చాలా రోజులకు కలిసినా ఏడుస్తాం. వెళ్ళేవాళ్ళు తమంత తాముగా చేతులు సడలించేదాకా ఉండేవాళ్ళు వదలకూడదు. అది మా పద్ధతి. ఆ పిల్ల మమ్మల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి సెలవడిగి, ఒక్కొక్కరి మెడ మీదినుంచి చేతులు తీసుకుంటుంటే డాక్టరమ్మ అలా చూస్తూ నిలబడిపోయింది.

బడి వరండాలో ఆమె మాకు చూపించింది. ఒక దుప్పటి పరిచి మధ్యలో పెద్ద రాయి పెట్టించింది. రూప్లా నాయక్‌ను ఒక్కడినే లేపమంది. ఆయన వల్ల కాలేదు. తర్వాత అందరినీ అంచు పట్టుకోమంది. రాయి పువ్వులా లేచింది. "అంతేనమ్మా" అంది. "రాయి ఎక్కడికీ పోలేదు. ఎవరికీ తెలియడం లేదు, అంతే."

ఆమె తెచ్చింది జొన్నగింజంత పూస. చెవి వెనక ఎముకకు అంటుకుంటుంది. పెద్దవాళ్ళకే పెట్టింది, పిల్లలకు కాదు. ఒంట్లో లేచిన నొప్పిని అది చదివి మిగతా పూసలకు పంపుతుంది. అందరూ తలా కొంచెం మోస్తారు. మనిషి ఎంత దూరంలో ఉన్నా పర్వాలేదు, ఫోనులాగే. ఎవరి పూస వాళ్ళు తీసుకోలేరు. నొప్పి ఎక్కువైన క్షణంలో పీకేసుకుంటారని అలా చేశారు. ఇంకొకరి వేలు తగిలి తిప్పితేనే వస్తుంది.

నేను మోకాళ్ళ కోసం పెట్టించుకోలేదు. రావ్జీ పట్నంలో సెంట్రింగ్ పనికి పోయేవాడు. నాకు చిన్నప్పటినుంచి బస్సులంటే భయం. ఎక్కినవాళ్ళు కిటికీలోంచి చేయి ఊపుతారు, మలుపు తిరుగుతారు, ఆ తర్వాత వాళ్ళకేమైందో మనకు తెలియదు. వాడికీ నాకూ పూస ఉంటే తెలుస్తుందనుకున్నాను. తెలిసింది కూడా. వాడి వేలికి మేకు గీరుకుంటే నా వేలు చురుక్కుమనేది. ఏమీ లేకపోతే బాగున్నాడని అర్థం. క్రమంగా వాడికి ఫోను చేయడం మానేశాను.

పూసలు పెట్టిన రోజు రూప్లా నాయక్ వరండా మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. మేమందరం ఒక్కసారే నడుము మీద చేతులు వేసుకున్నాం. ఆయన లేచాడు. నడుము వంగినట్టే ఉంది, ముఖం మాత్రం లేచింది. ఏడ్చాడని తర్వాత అందరూ వేళాకోళం చేశారు.

నవ్వుకున్న రోజులు కూడా చాలా ఉన్నాయి. ఆయనకొక పుచ్చుపన్ను ఉండేది. ఎండుమాంసం తినకుండా ఉండలేడు. ఆయన నమిలితే తండా అంతా దవడ పట్టుకునేది. మా పక్కింటి రంగ్లీ బజారులోనే నిలదీసింది.

"ఆ పన్ను పీకించుకోరాదు నాయకా? మా అందరి పండ్లూ నీకు కిరాయికిచ్చినమా?"

రంగ్లీ కూతురి కాన్పుకు మగవాళ్ళంతా కడుపులు పట్టుకుని గట్ల మీద కూలబడ్డారు. ట్రాక్టరు నడిపే లచ్చు ఆ తర్వాత వారం రోజులు ఆడవాళ్ళకు ఎదురు మాట్లాడలేదు.

తర్వాత మా అక్క సోనీ పోయింది.

డాక్టరమ్మ మొదటే చెప్పింది. ఎవరికైనా ఆఖరి ఘడియ దగ్గరపడితే ముందుగానే పూస తీసేయమంది. అది మనిషితో ఉన్నకొద్దీ ఆ మనిషి నొప్పులను నేర్చుకుంటుందట, తను నేర్చుకున్నది మిగతావాటికి నేర్పుతుందట. మేం తలలూపాం. కానీ ఆ రోజు సోనీ చుట్టూ చేరి వాటేసుకున్నాక, ఎవరు తీస్తారు? వెళ్ళేది ఆమె. చేతులు సడలించాల్సింది ఆమె. ఆమె వేళ్ళు నా మెడ మీద అలాగే బిగుసుకుని ఉన్నాయి. ఆమె వదలకుండా మేం పూస తీయడమంటే మెడపట్టి గెంటినట్టు అనిపించింది. పూసతోనే సాగనంపాం.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర బిందెలెత్తుతుంటే అందరికీ ఎడమ మోకాలు కలుక్కుమంది. అది సోనీ మోకాలు. చలికి అలా కలుక్కుమనడం మాకు బాగా తెలుసు. రంగ్లీ బిందె దించి తన మోకాలిని చేత్తో నిమిరింది, మనిషిని నిమిరినట్టు.

మేం భయపడలేదు. సంతోషపడ్డాం.

డాక్టరమ్మకు ఫోను చేసి చెబితే, రెండు రోజుల్లో వచ్చి పూసలన్నీ తీసేస్తానంది. రూప్లా నాయక్ ఒప్పుకోలేదు. మా మనిషి మా దగ్గరే ఉంటానంటే కాదనడానికి నువ్వెవరని అడిగాడు. ఆ తర్వాత పోయిన ముసలివాళ్ళకు కావాలనే పూస ఉంచాం. తెల్లవారేసరికి సోనీ మోకాలు, పొద్దెక్కాక గోప్యా భుజం, దీపాలు పెట్టే వేళకు చాందీ తలనొప్పి. ఒకరి తర్వాత ఒకరు వచ్చి పలకరించి పోయేవారు. మోసేవాళ్ళం తగ్గుతున్నాం, బరువు పెరుగుతోంది. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు.

రావ్జీ సంగతి చెప్పాలి. ఎంత తప్పించుకుందామన్నా కథ అక్కడికే వస్తోంది.

పత్తి ఏరుతున్నాం. భోజనాలకు లేద్దామనుకునే వేళ. చేనంతా ఒక్కసారి కుప్పకూలింది. నలభైకి దగ్గర ముక్కలైనా అంత నొప్పి మేం ఎన్నడూ ఎరుగం. ఎవరిదో తెలియలేదు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నా కోడలు దేవ్లీ రొమ్ము పట్టుకుని మొక్కల మధ్య కూర్చుని ఉంది. ఆమెకప్పుడు రెండో నెల. "అత్తా, గిది ఆయనది" అంది. ఫోను ఆ తర్వాత మోగింది. ఆరో అంతస్తు నుంచి పడ్డాడని చెప్పారు.

ఆ రోజు ఎవరూ మా ఇంటికి రాలేదు.

కోపంతో కాదు, ప్రేమ లేక కాదు. అందరూ ఏడ్చారు. ఎవరి గడపలో వాళ్ళు కూర్చుని, ఎవరి రొమ్ము వాళ్ళు పట్టుకుని ఏడ్చారు. నేను తలుపు తీసి పెట్టుకుని కూర్చున్నాను. వాటేసుకోవడానికి ఒక మెడ కూడా దొరకలేదు. ఢావ్లో ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్ళకు రంగ్లీని అడిగాను. ఆమె నన్ను యాడీ అని, అంటే అమ్మా అని, పిలుస్తుంది.

"రావాలనే అనుకున్న యాడీ. కని నీకెంత నొప్పో నాకూ అంతే ఉండె. ఇగ నేనొచ్చి నిన్ను ఏమడగాలె?"

అప్పుడు ఆలోచించాను. ఏమైంది, ఎట్లున్నావ్, యాడ నొస్తున్నది అని మా తండాలో ఒకరినొకరు అడిగి ఎంత కాలమైందో నాకు గుర్తుకు రాలేదు.

దేవ్లీకి నెలలు పెరిగాక డాక్టరమ్మ మమ్మల్ని ప్రయోగశాలకు పిలిపించుకుంది. తెల్లటి గది, చల్లటి గాలి. ఒక గోడకు నల్లటి తెర మీద చుక్కలు వలయంగా వెలుగుతున్నాయి. ఒక్కో చుక్క మాలో ఒక్కొక్కరు. మధ్యమధ్య ఖాళీలు. ఖాళీల్లోంచి కూడా సన్నటి గీతలు బయలుదేరి మిగతా చుక్కల్లోకి వెళ్తున్నాయి.

"అక్కడ ఎవరూ లేరు కదమ్మా" అన్నాను.

"లేరు. మిగతా పూసలు వాళ్ళను నేర్చుకున్నాయి. వాటికి నేర్చుకోవడం నేర్పాం. మరచిపోవడం నేర్పలేదు." ఆమె నా చేతుల వైపు చూస్తూ చెప్పింది.

దేవ్లీని పడుకోబెట్టి కడుపు మీద యంత్రం ఆనించి బిడ్డను చూపించారు. బూడిదరంగు నీళ్ళలో తేలుతున్నట్టు ఉంది. వేళ్ళు కూడా కనిపించాయి. ఆడబిడ్డో మగబిడ్డో చెప్పరు కదా, నేను అడగలేదు. చూస్తూ ఉండగా మధ్యాహ్నమైంది. నా చేయి రొమ్ము మీదికి వెళ్ళింది. దేవ్లీ చేయి వెళ్ళింది. తెర మీద బిడ్డ ఒక్కసారి ముడుచుకుంది. చిన్న పిడికిలి మెల్లగా కదిలి, రొమ్ము మీదికి వచ్చి ఆగింది.

ఆ బిడ్డకు పూస లేదు. తల్లి ఒంట్లోంచే నేర్చుకుంటోందని డాక్టరమ్మ చెప్పింది. పుట్టాక కూడా ఆ వేళకు ఆ నొప్పి వస్తుందట. అది పూస తీస్తే పోయేది కాదట. బతికినన్నాళ్ళూ ఉంటుందట. దేవ్లీ ఇప్పుడు తీసేస్తే బిడ్డ ఇంకా మరచిపోగలదంది. తొమ్మిదో నెల పడితే చెప్పలేనంది.

తిరుగు బస్సులో దేవ్లీ కిటికీ వైపు కూర్చుంది. చాలాదూరం వచ్చాక నావైపు తిరక్కుండానే మాట్లాడింది.

"నేను తియ్య అత్తా."

"బిడ్డను చూసినవు గద."

"చూసిన. నేనొక్కదాన్ని తీస్తే ఆయన మీ అందరి దగ్గరికొస్తడు. నా దగ్గరికే రాడు. రోజూ మీరంత రొమ్ము మీద చెయ్యేసుకుంటే నేనొక్కదాన్ని అన్నం తినుకుంట కూసోవాల్నా? నా బిడ్డకు తండ్రిది గదొక్కటే మిగిలింది. అది గూడ లేకుంట చెయ్యాల్నా?"

"నొప్పి తండ్రైతదా బిడ్డా?"

నాకే నా మాట మీద నమ్మకం లేదు. ఆరు నెలలుగా మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని ఎదురుచూస్తున్నది నేను కూడా.

ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున రూప్లా నాయక్ ఇంటికి వెళ్ళాను. దేవ్లీ ఒక్కతే తీయదు, అందరం తీస్తేనే తీస్తుందని చెప్పాను. ఆయన అందరినీ బడి వరండాకు పిలిపించాడు. పిడికిలి సంగతి చెప్పినప్పుడు రంగ్లీ తన మనవరాలిని ఒళ్ళోకి లాక్కుంది. అడుగుతున్నది చిన్న సంగతి కాదు. ఎవరి నడుము వాళ్ళకు, ఎవరి మోకాళ్ళు వాళ్ళకు తిరిగి వచ్చేస్తాయి. పోయినవాళ్ళు మళ్ళీ పోతారు. ఇంకా పుట్టని ఒక్క బిడ్డ కోసం. లచ్చు తల్లి తల అడ్డంగా ఊపుతూనే ఉంది. మొగుడు గోప్యా నుంచి ఆమెకు మిగిలింది ఆ భుజం నొప్పే.

రూప్లా నాయక్ మెడ పక్కకు తిప్పి దేవ్లీ కడుపు వైపు చూశాడు. మెల్లగా అన్నాడు.

"నా నడుము నాకియ్యిండ్రి. ఇన్నొద్దులు మోసిండ్రు, సాలు."

"పన్ను గూడ తీస్కపో నాయకా" అంది రంగ్లీ. ఒకరిద్దరు నవ్వారు. లచ్చు తల్లి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతలోనే రంగ్లీ అసలు ప్రశ్న వేసింది. "కని యాడీ, పోయినోళ్ళు చేతులు సడలియ్యలే గద. వాళ్ళు వదలందే మనమెట్ల వదుల్తం?"

అందరూ నావైపు చూశారు. నాకు డాక్టరమ్మ మొదట వచ్చిన ఆ సాగనంపు రోజు గుర్తుకొచ్చింది. సెలవడిగిన పిల్ల, గుమ్మంలో ఉండిపోయిన మేం.

"వాళ్ళు యాడికి పోతున్నరు?" అన్నాను. "వాళ్ళు ఉన్న కాడనే ఉన్నరు. పోయేది మనం. పోయేటోళ్ళే గద ముందుగాల చేతులు తియ్యాలె."

ఒక్కొక్కరే తలూపారు, ఆఖరున దేవ్లీ కూడా. డాక్టరమ్మ మర్నాడు వచ్చింది. అందరూ ఒక్కసారే తీయాలని మరీమరీ చెప్పింది. ఎవరైనా వెనకబడితే అందరిదీ వాళ్ళ మీదే పడుతుందంది. పొద్దునే చేద్దామంటే దేవ్లీ ఒప్పుకోలేదు. ఆయన వచ్చాకే తీస్తానంది.

వరండా ముందు ఎండలో జతలు జతలుగా నిలబడ్డాం. ఆడవాళ్ళం అలవాటుగా మెడలు వాటేసుకున్నాం. మగవాళ్ళు ఎన్నడూ ఢావ్లో పాడనివాళ్ళు. చేతులెక్కడ పెట్టాలో తెలియక ఒకరి భుజాలు ఒకరు పట్టుకున్నారు. అందరి వేళ్ళూ ఎదుటివాళ్ళ చెవి వెనక ఉన్నాయి. నేనూ దేవ్లీ ఒక జత. మా మధ్య ఆమె కడుపు.

రావ్జీ వచ్చాడు. బొటనవేలితో అదిమినట్టు.

రంగ్లీ రాగం ఎత్తింది. చాలాకాలంగా ఎత్తని గొంతు, మొదట బొంగురుగా వచ్చింది. సోనీ, మేం పోతున్నం, సెలవియ్యి. గోప్యా, మేం పోతున్నం. చాందీ, మేం పోతున్నం. ఒక్కో పేరుకూ కొన్ని చేతులు తిరిగాయి. డాక్టరమ్మ అందరినీ ఒక్కసారే తీయమంది. ఏడుపు ఒక్కసారే రాదు. నేను ఆ సంగతి ముందే చెప్పాల్సింది.

ఒక్కో జత విడిపోతున్నకొద్దీ బరువు మిగిలినవాళ్ళ మీదికి జరిగింది. నా నడుము విరిగినట్టయింది. దేవ్లీ మూలిగింది. నేను ఆలస్యం చేయకుండా ఆమె పూస తిప్పేశాను. అది నా వేలికి వచ్చింది. ఆమె భుజాలు తేలికపడటం నాకు తెలిసింది. నా చెవి వెనక ఆమె వేలు మాత్రం కదల్లేదు.

చుట్టూ అందరూ తీసేశారు. నేనొక్కదాన్నే మిగిలాను. నా కొడుకు మొత్తం నా దగ్గరికి వచ్చాడు.

దాన్ని రాయలేను. ఒక్క సంగతి మాత్రం రాస్తాను. రొమ్ములో నొప్పి కింద ఇంకొకటి ఉంది. నలభయ్యో వంతులో అది ఎన్నడూ మాకు అందలేదు, అంత చిన్నది. కుడి అరచేయి మంట. తాడు పట్టుకుని జారితే కాలినట్టు, తోలు లేచిపోయినట్టు. వాడు పట్టుకున్నాడు. పట్టు దొరికినంతసేపూ వదల్లేదు. ఆ పిడికిలి ఇంకా బిగిసే ఉంది. నా కుడిచేయి దేవ్లీ వీపు మీద రవికను అంతే బిగువుగా పట్టుకుని ఉంది.

"అత్తా" అని దేవ్లీ నా చెవిలో ఏడుస్తోంది. "నేను తిప్పితే ఆయన ఇగ ఎవ్వరికీ ఉండడు."

కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే తెరిచాను. చిటికెన వేలు ముందు. బొటనవేలు ఆఖరున. వాడి చేయి వాడు తెరవలేకపోయాడు, వాడి తరఫున తెరిచాను. నా అరచేయి తన వీపు మీద సడలడం దేవ్లీకి తెలిసింది. అది ఆమెకు తెలిసిన సంకేతమే. మా ఆడవాళ్ళందరికీ తెలిసిందే. అప్పుడు ఆమె వేలు తిరిగింది.

ఎండ, దుమ్ము, ఎక్కడో మేక అరుపు. అంతే. నా మోకాళ్ళు నాకు మాత్రమే నొప్పి పెడుతూ ఉన్నాయి. రూప్లా నాయక్ మెట్టు మీదికి కూలబడ్డాడు. నలుగురు వెళ్ళి పట్టుకున్నారు. ఎక్కడ పట్టుకోవాలో తెలియక అడుగుతున్నారు, ఇక్కడా, ఇక్కడా అని.

దేవ్లీకి ఆడబిడ్డ పుట్టింది. మధ్యాహ్నాలు పాప నిద్రపోతూ ఉంటుంది. నేనూ దేవ్లీ పళ్ళేలు ముందు పెట్టుకుని పాప పిడికిలి వైపే చూస్తూ ఉంటాం. అది ఎక్కడికీ వెళ్ళదు. పక్కనే తెరుచుకుని పడి ఉంటుంది. నా చేయి మాత్రం ఇప్పటికీ రొమ్ము మీదికి వెళ్తుంది. అక్కడ ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడాన్ని నేను ఎవరికీ పంచలేను.

నిన్న మధ్యాహ్నం పాప ఉన్నట్టుండి గుక్కపెట్టి ఏడ్చింది. దేవ్లీ గబగబా పాప చేతులు చూసింది. అవి గాలిలో కొట్టుకుంటున్నాయి. కడుపులో గాలో, చీమ కుట్టిందో, చెవి నొప్పో, మాకు తెలియదు. తెలిసే దారి లేదు.

రంగ్లీ చేతికి పిండి ఉండగానే పరుగెత్తుకొచ్చి గడపలో నిలబడింది.

"ఏమైంది యాడీ? యాడ నొస్తున్నదట బిడ్డకు?"

"తెల్వది" అన్నాను. "లోపటికి రా."